పేజీ తయారయ్యేది మీ ఫోన్‌లోనే

సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి ఫలానా తేదీన రైళ్లున్నాయా అని ఫోన్‌లో వెతికితే జాబితా వచ్చేస్తుంది. రైలుకో పెట్టె. అందులో పేరు, బయల్దేరే వేళ, మిగిలిన సీట్లు. దేశంలోని ప్రతి ఊరికీ, ప్రతి తేదీకీ ఇలాంటి పేజీలు ముందే రాసిపెట్టడం ఎవరి తరం? అందుకే చాలా సైట్లలో సర్వర్ వివరాలు మాత్రమే పంపుతుంది. పెట్టెలు కట్టేది ఫోన్‌లోని బ్రౌజర్. దగ్గరుండి కట్టించే మేస్త్రి జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష.

నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 1995లో ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. మొదట్లో దీనికి చిల్లర పనులే దక్కాయి. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా వెనకనుంచి డేటా తెచ్చుకునే వీలు 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 బ్రౌజర్‌తో వచ్చింది. దాంతో ఎంత చేయొచ్చో జనానికి తెలిసింది మాత్రం 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాకే.

పని జరిగే తీరు సులువే. డేటా సాధారణంగా జేసన్ అనే రూపంలో వస్తుంది: పేరు గోదావరి ఎక్స్‌ప్రెస్, సీట్లు ఇన్ని, అలా. ప్రోగ్రాం ఒక్కో రైలునూ తీసుకుని ‘క్రియేట్‌ఎలిమెంట్’తో ఖాళీ పెట్టె పుట్టిస్తుంది, ‘టెక్స్ట్‌కంటెంట్’తో అందులో పేరు నింపుతుంది, ‘అపెండ్’తో పేజీకి తగిలిస్తుంది. రైళ్లు రెండున్నా నలభై ఉన్నా అవే నాలుగైదు లైన్లు. ఒక్కటీ లేకపోతే? ఆ సంగతి ఆలోచించని ప్రోగ్రామర్ పేజీలో తెల్లటి ఖాళీ మిగులుతుంది. రైళ్లు లేవో, నెట్ పోయిందో తెలియక ప్రయాణికుడు తల పట్టుకుంటాడు.

‘ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్’ అనే దగ్గరిదారి కూడా ఉంది. ఇచ్చిన అక్షరాలను అది పేజీ నిర్మాణంగానే చదివేస్తుంది. రైలు పేరైతే ఫర్వాలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి టైపు చేసిందైతే, అందులో దాగిన ఆదేశం చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడిచిపోవచ్చు.

2005 అక్టోబర్‌లో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌కు జరిగింది అలాంటిదే. శామీ కామ్కార్ అనే యువకుడు తన ప్రొఫైల్‌లో కొంత కోడ్ దాచాడు. ఆ పేజీ చూసినవాళ్ల ఖాతాలో అతను స్నేహితుడిగా చేరిపోయేవాడు, కోడ్ వాళ్ల ప్రొఫైల్‌లోకీ పాకేది. ప్రమాదకరమైన మాటలను మైస్పేస్ వడపోయకపోలేదు. ‘ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్’ కూడా ఆ నిషిద్ధ మాటల్లో ఉంది. అతను దాన్ని రెండు ముక్కలు చేసి, బ్రౌజర్‌లోకి వెళ్లాక కలిసేలా రాశాడు! సుమారు 20 గంటల్లో పది లక్షల పైచిలుకు ఖాతాలకు పాకడంతో సైట్‌నే కొంతసేపు ఆపేయాల్సి వచ్చింది.

ఈ ముప్పు తగ్గేలా, ఫేస్‌బుక్ 2013లో విడుదల చేసిన రియాక్ట్ లాంటి పేజీలు కట్టే సాధనాలు, వేరే చెప్పకపోతే, వచ్చిన డేటాను ఉత్త అక్షరాలుగానే చూపిస్తాయి. ఇక నెమ్మది నెట్‌వర్క్‌లో జావాస్క్రిప్ట్ ఫైలు చేరేదాకా పేజీ బోసిగా ఉండే చిక్కు మరొకటి. అందుకే ఇప్పుడు చాలా సైట్లు మొదటి పేజీని సర్వర్‌లోనే కట్టి పంపి, తర్వాతి మార్పులను బ్రౌజర్‌కు వదిలేస్తున్నాయి.