డీజిల్ చేతులకు కరెంటు పాఠాలు

చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారం 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆపేసింది. 1995 చివరికల్లా బ్రాడ్‌గేజ్ మీద బొగ్గు బండ్ల కాలం ముగిసింది. ఇప్పుడు డీజిల్ వంతు వచ్చింది. దేశంలోని బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నింటికీ కరెంటు తీగలు పడ్డాయి.

ఇంజన్లు మారుతుంటే వాటినే నమ్ముకున్న మనుషుల సంగతి? ఒకప్పుడు పారతో బొగ్గు వేసిన ఫైర్‌మ్యాన్లలో చాలామంది శిక్షణ పొంది డీజిల్ అసిస్టెంట్లయ్యారు. నేడు డీజిల్ లోకో పైలట్లను, అంటే ఇంజన్ డ్రైవర్లను, ఎలక్ట్రిక్‌కు మారే 'కన్వర్షన్' శిక్షణకు పంపుతున్నారు. గుత్తి, విశాఖపట్నం డీజిల్ షెడ్లలో ఎలక్ట్రిక్ ఇంజన్లకూ మరమ్మతులు జరుగుతున్నాయి.

ఈ మార్పు సాధ్యపడటానికి బలమైన కారణం ఉంది. మన రైళ్లను లాగే పెద్ద డీజిల్ ఇంజన్లలో చాలావరకు చక్రాలను నేరుగా తిప్పవు. ముందు కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరున్న ట్రాక్షన్ మోటార్లు తిరుగుతాయి. కాబట్టి మోటార్లు, చక్రాల చట్రాలు (బోగీలు), ఎయిర్ బ్రేకుల పని షెడ్డు సిబ్బందికి కొత్త కాదు. ఇంజెక్టర్లు, పిస్టన్ల పని పోయింది. పై తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్, ట్రాన్స్‌ఫార్మర్, కన్వర్టర్ వచ్చి చేరాయి. శబ్దం విని లోపం పసిగట్టిన ఫిట్టరు ఇప్పుడు తెర మీద కనిపించే సంకేతాన్ని చదవాలి.

అన్నిటికంటే పెద్ద తేడా తల మీదున్న 25,000 వోల్టులు. త్రీఫేజ్ ఇంజన్లో హైవోల్టేజ్ అర తెరవాలంటే తాళంచెవుల వరుస దాటాలి. పాంటోగ్రాఫ్ దించి దానికి వెళ్లే గాలిని ఆపితేనే మొదటి తాళంచెవి చేతికొస్తుంది. దాంతో ఎర్తింగ్ స్విచ్ వేశాకే తర్వాతి తాళంచెవి వస్తుంది. తొందరపడి మధ్యలో ఒక మెట్టు దాటేసే వీలే లేదు. ఈ క్రమం పుస్తకం చదివితే వంటబట్టదు, ఇంజను మీద చేయించాలి.

నడిపేవారికీ కొత్త అలవాటొకటి కావాలి. రెండు సబ్‌స్టేషన్ల సరఫరా కలిసే చోట న్యూట్రల్ సెక్షన్ ఉంటుంది. దానికి 500 మీటర్లు, 250 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. పైలట్ సర్క్యూట్ బ్రేకర్ తెరిచి, బండిని దాని వేగం మీదే ఆ తునక దాటించి, మళ్లీ మూయాలి. డీజిల్ బండిలో ఈ పనే ఉండేది కాదు.

రైల్వేలో శిక్షణ రోజులు డ్యూటీ కిందే లెక్క, జీతం ఆగదు. నలభై ఐదేళ్ల మనిషి ధైర్యంగా తరగతిలో కూర్చోవడానికి ఇదే ఆసరా. ఫ్యాక్టరీల్లో రోజుకూలీ మీద బతికే కాంట్రాక్టు కార్మికుడికి ఈ భరోసా లేదు. తరగతికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఫ్యాక్టరీలు యంత్రాలు మార్చేటప్పుడు వాటి ఖర్చులోనే ఈ కూలినీ కలిపి లెక్కేయాలి.

రైల్వేలో నేర్చుకోవలసింది ఇంకా ఉంది. దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షించిన, రైళ్లు ఢీకొనకుండా చూసే కవచ్ రక్షణ వ్యవస్థ ఇతర మార్గాలకూ విస్తరిస్తోంది. కేబిన్‌లో దాని తెర చూస్తూ నడపడం ఇప్పుడు పైలట్లకు తర్వాతి పాఠం.