కొనడం తేలికే... మేపడమే కష్టం!

రాత్రి తొమ్మిది దాటింది. పటాన్‌చెరులో రెండో షిఫ్టు ఇంకా దిగలేదు. తెల్లారితే కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. అమ్మాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకు పరుగెత్తితే అక్కడ అప్పటికే పదిమంది. తన వంతు వచ్చేలోపు కరెంటు పోతుంది, లేదంటే షట్టర్ దిగుతుంది. ఉసూరుమంటూ ఇంటికొచ్చి, డ్యూటీ దిగి వచ్చిన నాన్నతో అనే మాట ఒక్కటే... ‘నాన్నా, మనమూ ఓ ప్రింటర్ కొందాం!’

సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం... ఈ పారిశ్రామికవాడల చుట్టూ ఉండే ఇళ్లకు ఈ మాట కొత్త కాదు. కంది ఐఐటీ, రుద్రారం గీతం, సుల్తాన్‌పూర్ జేఎన్‌టీయూ కాలేజీ... చదువులన్నీ చుట్టుపక్కలే. వాటి వెనకాలే ప్రాజెక్టు రిపోర్టులు, ఎప్‌సెట్ మోడల్ పేపర్లు, హాల్ టికెట్లు, దరఖాస్తులు. షిఫ్టు జీతంతో నడిచే ఇంట్లో పదీ పన్నెండు వేలు పెట్టి ఒక యంత్రం కొనడమంటే చిన్న సంగతి కాదు. అందుకే దుకాణం మెట్లెక్కే ముందు ఇంట్లో కూర్చుని కాగితం మీద ఓ లెక్క వేసుకోవాలి.

అసలు కొనాలా?

లెక్క కోసం ఇలా అనుకుందాం. షాపులో నలుపు ప్రింటు పేజీకి రెండు రూపాయలు. ఇంట్లో అయితే కాగితానికి 60 పైసలు, ఇంకుకు 10 పైసలు. అంటే పేజీకి మిగిలేది రూపాయి 30 పైసలు. పన్నెండు వేల ప్రింటర్ ఖరీదు రాబట్టుకోవాలంటే దాదాపు 9,230 పేజీలు తీయాలి. నాలుగేళ్ల బీటెక్‌లో నెలకు 190 పేజీల పైమాట... రోజుకు ఆరు పేజీలు!

అంత లేకపోతే షాపే చవక. మొహమాటపడాల్సిన పనేమీ లేదు. ఇంట్లో చదువుకునే పిల్లలు ఇద్దరున్నా, రంగు పేజీలు ఎక్కువగా కావాల్సి వచ్చినా, షాపు దూరమైనా లెక్క మారిపోతుంది. మీ వీధిలోని ధరలు వేసి మీరే చూసుకోండి.

చవక ప్రింటర్ వెనక...

నాలుగు వేలకే రంగుల ప్రింటర్ అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆ ధర చూసి మురిసిపోతే ఏనుగును చవకగా కొని మేత దగ్గర తలపట్టుకున్నట్టే. ఈ చిన్న ఇంక్‌జెట్‌లలో వాడే కార్ట్రిడ్జిలు కొన్ని నూటయాభై పేజీలకే చేతులెత్తేస్తాయి. కార్ట్రిడ్జి 900 రూపాయలనుకుంటే పేజీకి ఇంకు ఖర్చే ఆరు రూపాయలు. నెలకు రెండొందల పేజీలు తీస్తే ఏడాదికి ఇంకుకే 14,400 రూపాయలు. ప్రింటర్ ఖరీదుకు మూడింతలకు పైనే! కంపెనీలు యంత్రాన్ని తక్కువకిచ్చి ఇంకు మీద రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో పాత పద్ధతే.

ఈ బాధ పడలేకే ఒకప్పుడు కొందరు ప్రింటర్ పక్కన సీసాలు పెట్టి, సన్నటి గొట్టాలతో లోపలికి ఇంకు పంపే ఏర్పాటు చేసుకునేవారు. కారిపోయినా, చెడిపోయినా వారంటీ ఉండేది కాదు. చివరికి కంపెనీలే ఆ దారికొచ్చాయి. ట్యాంకు ఉన్న ప్రింటర్‌ను ఎప్సన్ 2010లో మొదట ఇండోనేసియాలో అమ్మింది. తర్వాత మన దేశానికీ తెచ్చింది. కెనాన్, హెచ్‌పీ, బ్రదర్ కూడా అదే బాట పట్టాయి.

ట్యాంకు లెక్క చూడండి. ఎప్సన్ 003 రకం నలుపు సీసాలో ఉండేది 65 మిల్లీలీటర్లు. దాంతో 4,500 పేజీలు వస్తాయని కంపెనీ చెబుతుంది. సీసా 400 రూపాయలనుకున్నా పేజీకి తొమ్మిది పైసలు. ఏడాదికి 2,400 పేజీలకు ఇంకు ఖర్చు దాదాపు 213 రూపాయలే! ఇక్కడ అసలు ఖర్చు ఇంకుది కాదు, కాగితానిది. 500 కాగితాల కట్ట 300 రూపాయలనుకుంటే ఒక్కోటి 60 పైసలు. రెండువైపులా ప్రింటు తీస్తే పేజీకి 30 పైసలకు దిగుతుంది.

అయితే ఓ మెలిక ఉంది. కంపెనీలు చెప్పే పేజీల లెక్క మామూలు అక్షరాలతో, ఆగకుండా తీసే పేజీలకు వర్తిస్తుంది. పేజీ నిండా బొమ్మలుంటే ఇంకు చాలా ఎక్కువ తాగుతుంది. కొత్త ప్రింటర్‌తో వచ్చే మొదటి సీసాల్లో కొంత ఇంకు గొట్టాలు, హెడ్డు నింపడానికే పోతుంది. అందుకే మొదటిసారి తక్కువ పేజీలు వచ్చాయని కంగారు పడొద్దు.

లేజర్ మాటేమిటి?

లేజర్‌లో వాడేది టోనర్ అనే పొడి. ఎండిపోయే సమస్య లేదు. హాస్టల్‌కెళ్లిన అబ్బాయి రెండు నెలల తర్వాత వచ్చి బటన్ నొక్కినా మొదటి పేజీ నుంచే అక్షరం నల్లగా పడుతుంది. నీళ్లు పడ్డా చెరగదు. కానీ అసలు టోనర్ ఖరీదెక్కువ. అయిదు వేల టోనర్ 1,500 పేజీలిస్తే పేజీకి మూడు రూపాయల పైనే... షాపు ధరను దాటిపోయింది! రీఫిల్ చేయిస్తే ఖర్చు పైసల్లోకి దిగుతుంది. పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించాలి. నాసిరకం పొడి కారుతుంది, డ్రమ్ముపై గీతలు పడతాయి. టోనర్‌ను ఇంట్లోనే నింపుకొనే లేజర్లూ ఇప్పుడు దొరుకుతున్నాయి. ధర కాస్త ఎక్కువ.

ఇంకో సంగతి... లేజర్ అక్షరాన్ని కాగితానికి వేడితో అతికిస్తుంది. ఆ క్షణంలో కొన్ని వందల వాట్లు లాగుతుంది. చిన్న యూపీఎస్‌కు తగిలించొద్దు. ట్యాంకు ప్రింటర్‌కు చిన్న బల్బంత కరెంటు చాలు.

ధర్మకాంటాల దగ్గర కిర్రుకిర్రుమంటూ చీటీ కొట్టే డాట్ మ్యాట్రిక్స్ చూసే ఉంటారు. అందులో సూదులు రిబ్బన్ మీద గుద్దుతాయి కాబట్టి కార్బన్ కాపీలన్నీ ఒకేసారి వస్తాయి. లారీ చీటీకి దాన్ని మించింది లేదు. ప్రాజెక్టు రిపోర్టుకు మాత్రం పనికిరాదు. ఏ పనికి ఆ యంత్రం!

మరి ఏది తీసుకోవాలి?

* రోజుకు ఆరు పేజీల లోపైతే: కొనొద్దు. షాపే మేలు.
* రంగు పేజీలు కావాలి, వారంవారం వాడతాం అంటే: ఇంక్ ట్యాంక్.
* అంతా నలుపే, ఒకసారి వాడితే నెలలు ఆగుతాం అంటే: నలుపు లేజర్.
* నాలుగు వేల కార్ట్రిడ్జి ప్రింటర్: ఎప్పుడో పది పేజీలు తీసేవాళ్లకు తప్ప విద్యార్థికి వద్దు.

దుకాణంలో ఇవి అడగండి

‘ధరెంత’ అన్నది చివరి ప్రశ్న కావాలి. ముందు ఇంకు సీసా లేదా టోనర్ ధరెంత, ఎన్ని పేజీలొస్తాయి అని అడగండి. ధరను పేజీలతో భాగించండి. అదే అసలు ధర. ఆ ఇంకు సంగారెడ్డిలోనో పటాన్‌చెరులోనో దొరుకుతుందా, లేక ప్రతిసారీ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బస్సెక్కాలా? సర్వీసు ఎక్కడ? వారంటీ ఏడాదా, ఇన్ని పేజీలు దాటితే ముగిసిపోతుందా? ఇంట్లో కంప్యూటర్ లేకపోతే వైఫై ఉన్నది తీసుకోండి, ఫోన్ నుంచే ప్రింటు ఇవ్వొచ్చు. స్కానర్ కలిసి ఉంటే ఆధార్, సర్టిఫికెట్ల కాపీలకూ బయటికి వెళ్లక్కర్లేదు. పాత లేజర్ కొంటుంటే లోపలి వివరాల పేజీ ప్రింటు తీయించి, ఇప్పటిదాకా ఎన్ని పేజీలు తీశారో చూడండి.

కొన్నాక జాగ్రత్తలు

ట్యాంకు ప్రింటర్‌కు ప్రధాన శత్రువు బద్ధకం. వాడకపోతే, అందులోనూ ఎండాకాలంలో, ఇంకు హెడ్డులో గడ్డకడుతుంది. వారానికో రంగు పేజీ తీయండి. ఆపేటప్పుడు గోడ స్విచ్ కాదు, ప్రింటర్ బటన్ నొక్కండి. అప్పుడే హెడ్డు తన గూటిలోకెళ్లి మూత పెట్టుకుంటుంది. అక్షరం తెగుతోందని పదేపదే ‘హెడ్ క్లీనింగ్’ కొట్టొద్దు. ఇంకు వృథా కావడమే కాదు, ఆ వృథా ఇంకు చేరే దూది నిండితే ప్రింటర్ మొరాయిస్తుంది. రోడ్డు దుమ్ము పడకుండా ఓ గుడ్డ కప్పండి. వానాకాలంలో కాగితాల కట్టను కవర్‌లోనే ఉంచండి. చెమ్మ తగిలితే ఇరుక్కుపోతాయి.

చివరిగా పిల్లలకో మాట. నాన్న షిఫ్టు చెమటతో వచ్చిన యంత్రమది. తప్పులన్నీ తెర మీదే దిద్దుకుని, రెండువైపులా ప్రింటు తీయండి. ఇంకు పైసల్లోకి దిగినా, వృథా అయిన కాగితం మాత్రం రూపాయల్లోనే!