లైసెన్సు అక్కరలేని తరంగములు

రేడియో గల యిండ్లవారికి లైసెన్సు అను మాట క్రొత్తది కాదు. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము వైర్‌లెస్ యంత్రమును దగ్గర నుంచుకొనుటకే అనుమతి కావలెను. ప్రసారము చేయు యంత్రమునకే కాదు, కేవలము వినెడి పెట్టెకును ఆ నిబంధన వర్తించెను. అందుచేతనే పోస్టాఫీసులో రుసుము చెల్లించి రేడియోకు లైసెన్సు తీసికొను ఆచారము 1980వ దశకము దాక సాగినది.

నేడు సిద్దిపేట జిల్లా మర్కూక్‌లో ఏదో యొక యింటిని ఊహింతము. గోడకు వై-ఫై పెట్టె, బల్లమీద బ్లూటూత్ స్పీకరు, పిల్లవాని చెవిలో తీగలేని ఇయర్‌ఫోను, వాకిట నున్న కారు అద్దమునకు ఫాస్టాగ్ చీటి. ఇందు మొదటి మూడును వినుటయే గాక, తామును తరంగములను వెదజల్లుచున్నవి. ఒక్కొక్కటియు నొక చిన్న ప్రసార కేంద్రమే. అయినను ఆ యింటివారిని లైసెన్సు చూపుమని యెవరును అడుగరు. ఒకప్పుడు వినుటకే లైసెన్సు కోరిన దేశమున ఇది యెట్లు సాధ్యమైనది?

వారపు సంతను తలచుకొన్నచో సంగతి తెలియును. కూరల అంగడి కడ ఇద్దరు నెమ్మదిగా బేరమాడుచుందురు. పది బారల దూరమున మరి యిద్దరు. ఒకరి మాట వేరొకరికి అడ్డు రాదు. నడుమ నొకడు మైకు పెట్టి కేకలు వేసినచో అందరి బేరములును చెడును. తరంగముల సంగతియు నింతే. ఆటంకము లేని చోట దూరము రెండింతలైనచో తరంగబలము నాలుగవ వంతగును. కావున స్వల్పశక్తి గల పరికరము తన గది దాటునప్పటికే క్షీణించును. అదే ఫ్రీక్వెన్సీని పై వీథిలో మరియొకరు వాడుకొనవచ్చును. పెద్ద కేంద్రమునకైనచో అట్లు కాదు. దాని ఫ్రీక్వెన్సీని అది వినబడునంత మేర దానికే విడిచిపెట్టవలెను.

ఈ సూత్రముపైననే ప్రభుత్వములు కొన్ని పట్టీలను లైసెన్సు నుండి మినహాయించినవి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున 2,450 మెగాహెర్ట్జుల పరిసరము పరిశ్రమలకు, శాస్త్ర, వైద్య సాధనములకు ప్రత్యేకింపబడెను. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేయునది అచ్చటనే. ఆ పట్టీ ఎటులను సందడి గలది గనుక, చిన్న పరికరములకు దానిని విడిచినను నష్టము స్వల్పము. మన దేశమున 2005 జనవరి నియమములు 2,400 నుండి 2,483.5 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీలో, ట్రాన్స్‌మిటరు శక్తి ఒక వాటు మించని పరికరములకు లైసెన్సు అక్కరలేదనెను. వై-ఫై, బ్లూటూత్‌లు ఈ పట్టీలోనివి. అదే సంవత్సరమున 865–867 మెగాహెర్ట్జుల పట్టీయు తెరువబడెను. టోలుగేటు వద్ద ఫాస్టాగును చదువు యంత్రము వాడునది దీనినే. ఆ చీటిలో బ్యాటరీ యుండదు. చదువు యంత్రము పంపిన తరంగమునే గ్రహించి, దానితోనే తన సంఖ్యను తెలుపును.

లైసెన్సు లేదన్నంత మాత్రమున కట్టుబాటు లేదని యర్థము కాదు. ఫ్రీక్వెన్సీయు, శక్తియు హద్దు దాటరాదు. పరికరపు నమూనాకు ప్రభుత్వామోదము, అనగా ఇ.టి.ఏ., ఉండవలెను. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: ఇట్టి పరికరము లైసెన్సు గల సేవకు అంతరాయము కలిగింపరాదు, తనకు అంతరాయము కలిగినచో రక్షణ కోరరాదు. పొరుగింటి వై-ఫై వలన మీ వై-ఫై మందగించినచో ఫిర్యాదునకు తావులేదు. మీ యంత్రము పోలీసువారి సంభాషణకు అడ్డు తగిలినచో మాత్రము దానిని ఆపివేయవలసినదే.

ఇది తెలియక చిక్కులలో పడు అవకాశము వాకీ-టాకీలలో హెచ్చు. 446.0–446.2 మెగాహెర్ట్జుల నడుమ పనిచేయు స్వల్పశక్తి వాకీ-టాకీలకు 2018 నియమములు మినహాయింపు నిచ్చినవి. తక్కినవానికి లైసెన్సు కావలెను. చూచుటకు రెండును ఒక్క తీరుననే యుండును. ఈ భేదము తెలుపకయే ఆన్‌లైన్‌లో వీనిని అమ్ముచున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పలు అమ్మకపు వేదికలకు నోటీసు లిచ్చినది. పెండ్లి పందిరిలోనో పొలము గట్టుననో వాడుకొందమని కొనువారు పెట్టెమీద ఫ్రీక్వెన్సీని, ఆమోదమును చూచుకొనుట మేలు.

స్వల్పశక్తి యైనను ప్రసారమున్న చోట చట్టము వేరుగా నడచినది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002లో మహిళా పొదుపు సంఘములవారు చిన్న ట్రాన్స్‌మిటరుతో ‘మన రేడియో’ను ఆరంభించిరి. దాని పలుకు ఊరి పొలిమేర దాటునది కాదు. అయినను లైసెన్సు లేని ప్రసారమని 2003లో అది ఆపివేయబడెను. గాలి తరంగములు ప్రజల సొత్తని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పియుండెను. కాని వానిని ప్రజాహితము కొరకు ఒక ప్రాధికార సంస్థ క్రమపరుపవలెననియు ఆ తీర్పే పలికెను. ఓర్వకల్లు స్త్రీలకు సొత్తు దక్కలేదు, క్రమము మాత్రము దక్కినది.

2006లో విధానము మారి స్వచ్ఛంద సంస్థలకును సామాజిక రేడియో అనుమతి లభించుటకు వీలు కలిగెను. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతపు మాచ్‌నూర్‌లో దళిత స్త్రీలు నడపు సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జులపై పలికినది. ఆనాడు అదియు మర్కూకును ఒకే మెదక్ జిల్లాలోనివి. సామాజిక కేంద్రముల ప్రసారశక్తి సాధారణముగ నూరు వాట్లు. ఓర్వకల్లు యంత్రమును మించి ఎన్నో రెట్లు. అడ్డుపడినది తరంగబలము కాదనియు, అనుమతికి దారి లేకపోవుటయే ననియు దీనివలన తేటపడుచున్నది.

1885, 1933 నాటి చట్టముల స్థానమున 2023లో క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము చేయబడినది. చట్టము పేరు మారినను దాని ముందున్న ప్రశ్న పాతదే. పెద్ద గొంతుల నడుమ చిన్న గొంతుకు చోటెంత? యంత్రముల గుసగుసలకు ధారాళముగ చోటు దొరకినది. పల్లెవాసుల పలుకునకును అట్లే దొరకవలెనని, ప్రసారమే వృత్తిగా గల మేము కోరుచున్నాము.