ఆక్రోశశబ్దములు

విడవలూరి చేనిగట్టునఁ గాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నవాఁడు "నీ యమ్మ!" యని ముల్లునే తిట్టును. ముల్లునకుఁ దల్లి లేదు, వినువాఁడును లేఁడు. ఇట్టి తిట్టు బాధకుఁ ద్రోవ యిచ్చుటకే పుట్టినది. 2009లో నింగ్లండునందలి కీల్ విశ్వవిద్యాలయమువారు పరీక్షింపఁగా, తిట్టుపదము నుచ్చరించినవారు సగటున నెక్కువసేపు చన్నీటఁ జేయి యుంచఁగలిగిరి.

పాణిని మనశ్శాస్త్రము వ్రాయలేదు. ఆక్రోశమున శబ్దరూపమే మాఱుననుట మాత్రము కనిపెట్టెను. సమాసమున లోపింపవలసిన షష్ఠీవిభక్తి నిందయందు నిలువవచ్చును: దాస్యాఃపుత్రః. కోపించినవాఁడు పదములఁ గలుపఁడు కాఁబోలు, విఱిచి విఱిచి కొట్టును!

తెలుఁగున "విధవ" "వెధవ"యై పురుషునకును దగిలినది. అర్థము మఱుఁగుపడెను, వాఁడి తగ్గలేదు. తిట్టువాఁడు భర్తను గోల్పోయిన స్త్రీని దలఁపఁడు. వాకిట నిలిచి వినెడి యామె తలఁచును.