మార్కులడిగే డ్రిల్లు సారు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పిల్లల మార్కులు ఆరా తీసే కోచ్‌కు ఆట మీద మనసు లేనట్టే.

కొండాపురం, ముద్దనూరు, జమ్మలమడుగు ఏ వైపు చూసినా, డ్రిల్లు సారుకు లెక్కల మార్కులతో ఏం పనని అడిగేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆట ఎంతమందికి అన్నం పెడుతుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మండలం పోటీలకు పోయిన పిల్లల్లో రాష్ట్ర జట్టు దాకా ఎందరు నిలుస్తారో ఏటా చూసేది ఆయనే కదా. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ అంతటివారు, డబ్బున్న ఇల్లయితే తప్ప పిల్లల్ని ఆటల్లోకి దింపొద్దని 2025లో అన్నారు. చాలామంది నొచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో ఆటగాళ్ల బతుకులు దగ్గరగా చూసినవాడి బాధే వినిపించింది.

అపోహ: పేరు రావాలంటే చిన్నప్పుడే పుస్తకాలు పక్కన పడేయాలి.

ఇప్పుడు అందరూ మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని చూపిస్తున్నారు. 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసిన స్పిన్నర్. చూపించేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు: బడిలో ఆమె ఆడింది ఖోఖో, బ్యాడ్మింటన్ లాంటివి. క్రికెట్‌ను గట్టిగా పట్టుకునేసరికి పదహారేళ్లు.

అపోహ: స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఉంటే కోటాలో గట్టెక్కొచ్చు.

పులివెందులకు దగ్గర్లోనే ఉన్న ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో క్రీడాకారుల కోటా అర శాతం. వెయ్యి సీట్లకు ఐదన్నమాట. ఆ ఐదింటికి పోటీ పడాలన్నా పదో తరగతి తొలిసారే పాసై ఉండాలి. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్, గ్రూప్-2కు డిగ్రీ ఎటూ తప్పవు. కోటా ఉన్నది చదువుకున్న ఆటగాళ్లకే.

అపోహ: మార్కులు తగ్గినవాణ్ని జట్టులోంచి తీసేస్తే వాడే దారికొస్తాడు.

ఇలా అనేవాళ్లు తరచూ కెన్ కార్టర్ పేరెత్తుతారు. 2005లో ఆయన మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ హైస్కూల్ బాస్కెట్‌బాల్ కోచ్ ఆయన. నాలుగుకు 2.3 సగటు తెచ్చుకోవాలి, క్లాసులో ముందు వరుసలో కూర్చోవాలి అని పిల్లలతో ముందే సంతకాలు పెట్టించుకున్నారు. 1999 జనవరి నాటికి జట్టు వరసగా 13 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీదుంది. 45 మందిలో 15 మంది మాట తప్పారని తెలియగానే జిమ్‌కు తాళం వేశారు. తప్పినవాళ్లకే కాదు, అందరికీ. ఊరు మండిపడింది, మ్యాచ్‌లు పోయాయి. ఆ తాళం అందరికీ గుర్తే. ప్రాక్టీసు వేళకు పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి చదివించిన సంగతే ఎవరూ చెప్పరు. చదువు కుదుటపడ్డాక జిమ్ తెరిచి జట్టును మళ్లీ ఆడించారు.

మన దగ్గర తాళం మాత్రమే నచ్చుతుంది. పది పరీక్షలు దగ్గరపడ్డాయంటే డ్రిల్లు పీరియడు లెక్కల సారు చేతికి పోతుంది. ఆ ఈడు పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం చెబుతూనే ఉంది. ఇక పోటీలకు పోయి నాలుగు రోజుల పాఠాలు పోగొట్టుకున్న పిల్లాడికి అవి మళ్లీ చెప్పే పీరియడు ఏ టైంటేబుల్లోనూ ఉండదు. స్టాఫ్‌రూంలో ఒక్కొక్క సారునూ బతిమాలి వాడికి ఆ పాఠాలు చెప్పించేది, ఎవరైనా ఉంటే, ఆ డ్రిల్లు సారే.