బండమీది నాచు – పూదేనె గబ్బిలము

హైదరాబాదున జూబిలీహిల్సు, ఫిలింనగరు వెలసిన గుట్టలు దాదాపు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు శిలలు. చెన్నపట్టణమునుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఈ ప్రాంతమే నివాసమైనది. ఇచటి తారల పేర్లెరిగిన జనులు, ఈ గుట్టల నాశ్రయించిన రెండు ప్రాణులను మాత్రము గమనింపరు. ఒకటి బండమీది నాచు. రెండవది పూదేనె గ్రోలు గబ్బిలము.

నాచుకు నిజమైన వేరు లేదు, పూవు లేదు, నీటిని పైకి చేర్చు నాళములు లేవు. వేసవిలో ఎండి, చచ్చినట్లు పడియుండును. తొలకరి జల్లు సోకగనే ఆకులు విప్పి పచ్చనగును. సంతానమునకు దానికి నీటిపొర కావలెను. పురుషబీజము ఆ నీటిలో ఈది స్త్రీబీజమును చేరును.

గబ్బిలము రెక్కలుగల క్షీరదము. మన యూళ్ల పొట్టిముక్కు గబ్బిలము పండ్లతోపాటు పూదేనెను గూడ త్రాగును. తెల్లబూరుగు పూవులు రాత్రివేళ విచ్చును. వానిలో మూతి చొప్పించిన గబ్బిలము, బొచ్చున నంటిన పుప్పొడిని వేరొక చెట్టునకు చేర్చును. కదలలేని చెట్టునకు అదియే దూత. 1941లో జాషువా ‘గబ్బిలము’ కావ్యమున దౌత్యము నప్పగించినదియు ఈ ప్రాణికే.

చట్టమున సైతము ఈ రెండింటికిని చిరకాలము ఆదరము లభింపలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పండ్లగబ్బిలములను చీడజంతువుల పట్టికలో చేర్చెను; 2022 సవరణతో ఆ పట్టికయే తొలగెను. 1991లో ఆ చట్టమునకు రక్షిత మొక్కల పట్టిక చేరినపుడు అందు ఆరు పేర్లే యుండెను. నాచు ఒక్కటియు లేదు.

ఈ రెండింటిలో ఎక్కువ ఆపద దేనికి? చెట్టు కూలినచో గబ్బిలము మరియొక చెట్టును వెదకుకొనగలదు. బండను ప్రేల్చినచో నాచు ఎచటికిని పోజాలదు. దాని సిద్ధబీజములు గాలిలో తేలిపోవచ్చును. కాని నీడయు తడియు లేని మెరుగురాతి నేలపై అవి మొలకెత్తవు. కూలిన చెట్టునకు మారుగా మరియొక మొక్కను నాటవచ్చును. పగిలిన గుట్టను నాటగలవారెవరు?

1998లో జాతీయవనముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమున, సుమారు 142 హెక్టారులలో, చెట్లును బండలును ఇంకను కలిసియున్నవి. ఉపాధ్యాయులు వానవెలిసిన యుదయమున విద్యార్థులను అచటికి కొనిపోయి, ఒక భూతద్దముతో బండను చూపవలెను. నాచును పెరుకక చూచుటయే ఆనాటి పాఠము. చెట్టును మాత్రమే కాపాడిన చాలదు, బండను గూడ కాపాడవలెనని వారు గ్రహింతురు.