షాక్ యంత్రం కొంటే చాలదు, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండె కండరానికి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోతే వచ్చేది గుండెపోటు. ఆ మనిషి నొప్పితో బాధపడుతున్నా సాధారణంగా మనతో మాట్లాడగలడు. గుండె ఆగినప్పుడు మాత్రం ఉన్నట్టుండి కూలిపోతాడు, పిలిస్తే పలకడు. ఒక్కోసారి ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాడు. దాన్ని ఊపిరి అనుకోకండి.

ఇలా పడిపోయినవారిలో చాలామందికి మొదటి నిమిషాల్లో గుండె పూర్తిగా నిలిచిపోదు. లోపలి విద్యుత్తు గాడి తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతూ ఉంటుంది. ఆ వణుకును ఆపేది విద్యుత్ షాకే. ఏమీ చేయకుండా ఊరుకుంటే గడిచే ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం సుమారు 7 నుండి 10 శాతం తగ్గిపోతుంది. అంబులెన్సు వచ్చేదాకా ఆగలేమని అందుకే అంటున్నాము.

ఏ.ఇ.డి. అనే చిన్న యంత్రం ఇందుకే వచ్చింది. స్విచ్ వేస్తే అదే మాట్లాడుతుంది, ఏమి చేయాలో చెబుతుంది. ఛాతీకి రెండు ప్యాడ్లు అంటిస్తే గుండె తీరును చదివి, అవసరమైతేనే షాక్ ఇమ్మంటుంది. కాబట్టి "తప్పు చేస్తానేమో" అన్న భయం అక్కరలేదు.

షికాగో నగరంలోని మూడు విమానాశ్రయాల్లో 1999లో, వడిగా నడిస్తే నిమిషం, నిమిషంన్నరలో అందేటట్టు ఈ యంత్రాలు పెట్టారు. రెండేళ్ళలో అక్కడ 21 మందికి గుండె ఆగింది. వారిలో 18 మందిది పైన చెప్పిన వణుకే. ఆ 18 మందిలో 11 మంది బ్రతికారు. ఈ 11 మందిలో ఆరుగురిని కాపాడినవారికి అంతకుముందు ఈ యంత్రం వాడిన అలవాటే లేదు (వారిలో ముగ్గురు వైద్యం చదివినవారన్నది నిజమే). యంత్రం దగ్గరలో లేక 5 నిమిషాలలోపు అందని నలుగురూ చనిపోయారు.

దీన్నిబట్టి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. జనం కూడే చోట, అందరి కళ్ళకూ కనిపించే గోడకు పెట్టాలి. మన చర్చిలో గాని కల్యాణ మండపంలో గాని ఆఫీసు గది బీరువాలో పెట్టి తాళం వేస్తే, తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంటే, యంత్రం లేనట్టే లెక్క. దొంగల భయముంటే తలుపు తీయగానే మోగే పెట్టె పెట్టించండి. ఎండ తగిలే చోట, రేకుల షెడ్డులో వద్దు. చాలా యంత్రాలకు తయారీదారులు చెప్పే హద్దు 50 డిగ్రీలు. మన మే నెలలో మూసిన రేకుల గది ఎంత కాగుతుందో మీకు తెలుసు.

ఇక అసలు చిక్కు తర్వాతి సంవత్సరాల్లో వస్తుంది. ప్యాడ్ల మీది జిగురు ఎండిపోతుంది, వాటికి గడువు తేదీ ఉంటుంది. బ్యాటరీ వాడకపోయినా కొన్నేళ్ళకు అయిపోతుంది. యంత్రం తనను తాను పరీక్షించుకుని, చాలా రకాల్లో పచ్చ గుర్తు చూపిస్తుంది, కానీ చూసేవారు ఉండాలి కదా! మైకు సెట్టుకు ప్రతి సంఘంలోనూ ఒక బాధ్యుడు ఉంటాడు. దీనికీ ఒకరిని పేరు పెట్టి నియమించండి. వారానికొకసారి గుర్తు చూసి, నెలకొకసారి తేదీలు చూసి, రిజిస్టరులో సంతకం చేయాలి. పక్కనే కత్తెర, రేజరు, పొడి తువ్వాలు ఉంచండి. ఒకసారి వాడితే వెంటనే కొత్త ప్యాడ్లు తెప్పించాలి. ఈ ఖర్చుకు ముందే ఒప్పుకోలేకపోతే యంత్రం కొనవద్దనే మా సలహా. ఆ డబ్బుతో ముందు యువకులకు, స్త్రీల సమాజానికి ఛాతీ నొక్కడం నేర్పించండి.

ఎవరైనా పడిపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు యంత్రానికి పరుగెత్తాలి. మూడోవారు ఛాతీ మధ్యలో రెండు చేతులతో, నిమిషానికి 100 నుండి 120 సార్లు, పెద్దవారికైతే కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూ ఉండాలి. ప్యాడ్లు తడి లేని ఒంటి మీదే అంటించాలి, ఒకటి కుడి మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద. పడిపోయినది స్త్రీ అయితే మనవాళ్ళు బట్ట తీయడానికి జంకుతారు. నలుగురు స్త్రీలు చీర అడ్డం పట్టుకుని నిలబడండి, ప్యాడ్లు అంటించడం మాత్రం ఆపకండి. మంగళసూత్రం తీయనక్కరలేదు, ప్యాడ్ కిందికి రాకుండా పక్కకు జరిపితే చాలు.